తక్కువ తూగిన కంచం

మా నాన్న వాళ్ళ చెల్లెల్ని మా ఇంట్లో పిల్లలందరం తూకాలత్త అనేవాళ్ళం. ఆవిడ కొట్టు పెట్టలేదు, కూరగాయలు అమ్మలేదు. వంట చేసేది. కాకపోతే ఆవిడ వండిన అన్నం ఎవరూ తినేవాళ్ళు కాదు, తూచేవాళ్ళు. చెబితే వేళాకోళం అనుకుంటారు గానీ అదొక సర్కారు కొలువు. ఆవిడ చాలా ఏళ్ళు చేసింది.

అంతకుముందు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో గుండిగలు దించీ ఎక్కించీ భుజం పాడుచేసుకుంది. మామయ్య సరుకుల ఆటో నడిపేవాడు. ఇంట్లో అత్తగారు, ఎదిగే పిల్లలిద్దరు. పౌష్టికాహార ఆఫీసులో వంటమనిషి కావాలట అని ఎవరో చెబితే వెళ్ళి అడిగింది. అంతకుముందున్నావిడ నెల తిరక్కుండానే మానేసిందని అక్కడి జవాను చెప్పాడు. ఎందుకట అంటే, తినేవాళ్ళు లేకుండా వండటం తన వల్ల కాదందట. అత్త నవ్వుకుంది. క్యాంటీన్లో ఉప్పు తక్కువైందనీ కారం ఎక్కువైందనీ పూటపూటా తిట్లు తిన్న మనిషి. వంకలు పెట్టే నోరు ఒక్కటీ లేని వంటగది అంటే ఆవిడకి కోరి కొలిచిన దేవుడే ఎదురొచ్చినట్టైంది.

ఆ వంటగది ఆఫీసు వెనకవైపు, మేడ మీద చివరి గది. వరండాలో నడుస్తున్నంతసేపూ ఆఫీసే. గడప దాటితే మాత్రం ఎవరో బీదవాళ్ళ ఇంట్లోకి వచ్చినట్టుండేది. చిన్న స్టవ్వు, సిలిండరు, సొట్టలు పడ్డ గిన్నెలు, మూత సరిగా పట్టని నూనె డబ్బా, ఒకే ఒక్క కిటికీ. గది మధ్యలో పొట్టి బల్ల, దాని మీద ఐదు స్టీలు కంచాలు. ఒక్కో కంచం అడుగున రంగుతో ఒక్కో మాట రాసి ఉండేది. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, అవ్వ.

ఆ గదికి పెద్ద ఒక డాక్టరమ్మ. మందుల డాక్టరు కాదు, తిండి డాక్టరు. ఆవిడే అత్తకి పని వివరించింది. ఈ ఐదుగురూ ఎక్కడా లేరు. ఊళ్ళో ఉన్న ఇళ్ళన్నీ కలిపి, లెక్కగట్టి, మధ్యరకంగా తీసిన ఇల్లు ఇది. తండ్రి కష్టం చేస్తాడు, తల్లి ఇంటిపట్టున ఉంటుంది, కొడుకు బడికి పోతాడు, కూతురు ఇంకా చిన్నది, అవ్వకి పళ్ళు లేవు. వాళ్ళకి ఏ రోజు ఏం వండాలో పట్టీ ఉంది. సరుకులు బజారు ధరకే కొనాలి, బీద ఇంట్లో వండినట్టే వండాలి, పట్టీలో ఉన్నంతే ఐదు కంచాల్లో తూచి వడ్డించాలి. ఒక కుటుంబం కూర్చుని తినేంతసేపూ కంచాలని బల్ల మీద అలాగే ఉంచి, మళ్ళీ తూచి, పక్కనున్న ల్యాబ్‌కి పంపాలి. అక్కడ రుబ్బి, మాడ్చి, అందులో బలమెంతో కనుక్కుంటారు. దాన్నిబట్టే రేషన్లో ఏమివ్వాలో, కూలి ఎంతుండాలో, బళ్ళో పిల్లలకి ఏం పెట్టాలో తేలుస్తారు. ఒక్క ఇంటితో ఇన్ని ఇళ్ళ సంగతి ఎలా తెలుస్తుందని అత్త అడిగితే, అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అందట డాక్టరమ్మ.

ఇంటి వంట ఖర్చులో ఏమేం కలుపుతారో కూడా చెప్పింది. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, చివరికి అగ్గిపుల్లతో సహా.

"మరి వండినావిడ చేతికేం కట్టారు?" అంది అత్త.

"దానికి గడి లేదమ్మా. ఇంటావిడే కదా వండేది."

ఎగతాళిగా అన్నమాట కాదు. ఉన్నదున్నట్టు చెప్పింది. అత్త కూడా అంతటితో ఊరుకుంది. తను ఇంటి దగ్గర పొద్దున్నే ఒక వంట చేసి వచ్చేది, ఇక్కడొకటి, ఇంటికెళ్ళాక ఇంకొకటి. నడిమి వంటకొక్కదానికే జీతం.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత ల్యాబ్‌లో వాళ్ళు ఒక సంగతి గమనించారు. వడ్డించిన అన్నం ఆరేసరికి ఆవిరి పోయి కాస్త తగ్గటం మామూలే. కానీ తల్లి కంచం అన్నిటికంటే ఎక్కువ తగ్గుతోంది. అది కూడా సరే అనుకుందామంటే, కొడుకు కంచం, కూతురు కంచం పెరుగుతున్నాయి. ఆవిరి పోతే తగ్గాలి గానీ పెరగటమేమిటి? కాటా పాడైందన్నారు. కొత్త కాటా తెచ్చారు. అదీ అదే చెప్పింది. ఎలకలేమో అన్నారు.

"ఎలక తింటుంది గానీ వడ్డించదు కదండీ," అన్నాడు జవాను.

అప్పుడందరి చూపూ అత్త మీద పడింది. ఎవరూ పైకి అనలేదు. కానీ ఆవిడ వెళ్ళేటప్పుడు సంచి వైపు చూడటం, వడ్డించేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి గుమ్మంలో నిలబడటం మొదలుపెట్టారు. ఆవిడకి తల కొట్టేసినట్టైంది. మా ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎంగిలి మెతుకు ఎరగని చేతికి దొంగతనం అంటగడుతున్నారు వదినా, రేపట్నుంచి పోను అంది. మా అమ్మ ఓదార్చి, తను పోకపోతే ఆ మాట నిజమైపోతుందని చెప్పి పంపింది.

డాక్టరమ్మ మాత్రం అనుమానించలేదు. తేల్చుకుందాం అంది. ఒకరోజు వడ్డన కాగానే అందరినీ బయటికి పంపి, లోపలినుంచి గడియ పెట్టి, ఫ్యాను ఆపేసి, అత్తని గోడకి దూరంగా కూర్చోమని తను ఎదురుగా స్టూలు వేసుకుంది. ఆ రోజు గుడ్డు వంతు. ఉడికించిన గుడ్లని దారంతో నున్నగా కోసి ఒక్కో కంచంలో ఒక్కో చెక్క పెట్టింది అత్త.

పట్టపగలు. కిటికీలోంచి ఎండ సరాసరి బల్ల మీద పడుతోంది. ఇద్దరూ కంచాల మీంచి చూపు తిప్పలేదు. ఏమీ కదల్లేదు. చప్పుడు లేదు. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది, అంతే. కాసేపటికి అత్తకి ఒక సంగతి తోచింది. నాలుగు కంచాల ఆవిరి నిటారుగా పోతోంది. తల్లి కంచం మీది ఆవిరి మాత్రం పిల్లల కంచాల వైపు ఒరుగుతోంది. ముందుకు వంగిన మనిషి ఊపిరి తగిలినట్టు. గదిలో గాలి లేదు. అత్త డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ కూడా అదే చూస్తోంది. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నది రెప్పపాటే. మళ్ళీ బల్ల వైపు తిరిగేసరికి తల్లి కంచంలో గుడ్డు లేదు.

లేచి వెతికారు. కూతురి కంచంలో ఒక చెక్క పైకే కనబడుతోంది. డాక్టరమ్మ చెంచాతో అన్నం కదిపింది. రెండో చెక్క అడుగున ఉంది. మీద అన్నం కప్పి, ఎవరికీ కనబడకుండా.

డాక్టరమ్మ చెంచా కింద పెట్టలేక చాలాసేపు పట్టుకునే ఉందట. అత్తకి మాత్రం నోరు పెగిలింది.

"కొడుకు చూస్తే గొడవ చేస్తాడని కింద పెట్టిందమ్మా," అంది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి గిన్నె అడుగు గోకుతూ అత్త ఆగిపోయింది. ఎన్నేళ్ళుగానో అలాగే తింటోంది, ఎప్పుడూ తూచలేదు. నువ్వు తిన్నావా అని అత్తగారు ఎప్పుడూ అడగలేదు, ఆ రోజూ అడగలేదు. అత్తగారిని కూడా ఆవిడ రోజుల్లో ఎవరూ అడిగి ఉండరు.

జవానుకి విషయం పొక్కింది. వాడు గుమ్మంలోంచే దణ్ణం పెట్టి, అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈవిడ నోరు లేని పిల్లలకి కూడా పెడుతోంది అన్నాడు. నవ్విస్తాననుకున్నాడు, ఎవరికీ నవ్వు రాలేదు.

డాక్టరమ్మ తూకాలు ఉన్నవున్నట్టు పైకి రాసింది. ఆవిరి సంగతి రాయలేదు, రాస్తే పిచ్చిదంటారు. తల్లి వంతు తల్లికి చేరటం లేదు, దీన్ని లెక్కలోకి తీసుకోవాలి అని రాసింది. కొన్నాళ్ళకి పై ఆఫీసు నుంచి లెక్కలాయన వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు. కంచాలన్నీ చూసి, అంకెలన్నీ కూడి, తల ఊపాడు.

"ఇంటి మొత్తం సరిపోయిందా లేదా మేడమ్? గ్రాము తేడా లేదు. ఇంటికి ఎంత చేరాలో అంత చేరింది. లోపల ఎవరు ఎంత తిన్నారన్నది వాళ్ళ ఇంటి విషయం. అందులోకి మనం వెళ్ళకూడదు."

"వాళ్ళు లేరు కదండీ. ఇల్లే మనం పెట్టింది," అంది డాక్టరమ్మ.

"అందుకే, ఇబ్బంది లేదు," అన్నాడాయన.

ఆ రోజు నుంచి కంచాలని విడివిడిగా తూచటం ఆపించాడు. ఐదు కంచాలూ ఒకే గిన్నెలో వంచి ఒక్కసారే తూచమన్నాడు. తప్పు కనబడటం మానేసింది.

తర్వాత ధరలు పెరిగాయి. ఇంటి ఖర్చు మాత్రం పెరిగినట్టు తేలకూడదని హుకుం వచ్చింది. పట్టీలోంచి ముందు పాలు పోయాయి, నూనె తగ్గింది, గుడ్డు వంతులు పోయాయి. అయినా లెక్క దిగలేదు. అప్పుడు అవ్వని తీసేశారు. ఈ రోజుల్లో ఇళ్ళు చిన్నవైపోతున్నాయని కారణం రాశారు. జవాను అవ్వ కంచం తీసుకెళ్ళి వరండాలో ఉన్న ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. అత్త ఆ పూట ఇంటికి వచ్చి వాళ్ళత్తగారి ముఖం చూడలేకపోయింది.

మర్నాడు నాలుగు కంచాల్లో వడ్డించింది. కాసేపాగి గిన్నెలో వంచబోతే తల్లి కంచం ఖాళీగా ఉంది. ఇదివరకు సగమో పావు వంతో మిగిలేది. ఈసారి మెతుకు లేదు. పోనీ పిల్లల కంచాలు నిండాయా అంటే అవీ వడ్డించినట్టే ఉన్నాయి. మొత్తం తగ్గిపోతే మళ్ళీ దొంగతనం తన నెత్తిన పడుతుంది. అత్త గది అంతా వెతికింది. జవాను వచ్చి, అక్కా, బీరువాకి చీమలు పట్టాయి అన్నాడు.

వరండా గోడ వెంబడి సన్నటి బారు. తలుపు సందులోంచి లోపలికి పోతోంది. వాడే తాళం తీశాడు. కాగితాల కట్టల పక్కన అవ్వ కంచం ఉంది. అందులో అన్నం, ఇంకా వేడిగానే ఉంది. పప్పు కలిపి, మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలుగా చేసి ఉంది, పళ్ళు లేనివాళ్ళు మింగటానికి వీలుగా.

వాడు తాళంచెవి అత్త చేతిలో పెట్టి ఇంక ఆ మేడ ఎక్కలేదు. కింద గేటు దగ్గర పని వేయించుకున్నాడు. అత్త చీమలు దులిపి, ఆ ముద్దలు తెచ్చి గిన్నెలో వేసింది. మొత్తం సరిపోయింది. రోజూ అదే పనైంది. బీరువా తెరవటం, ముద్దలు తేవటం, కలపటం.

ఇంత జరుగుతున్నా పని ఎందుకు మానలేదని మా అమ్మ అడిగితే, నేను మానేస్తే ఆవిడకి తోడెవరు అందట. ఆవిడంటే ఎవరు అని మా అమ్మ మళ్ళీ అడగలేదు.

అత్త తను తెచ్చుకున్న అన్నం డబ్బాలోంచి కూడా తల్లి కంచంలో వేసి చూసింది. వేసినంతా పిల్లలకీ అవ్వకీ పోయేది, కంచం మళ్ళీ ఖాళీ. ఎంత పెట్టినా నిలవదు. అప్పుడావిడకి తన సంగతే గుర్తొచ్చింది. తను కడుపునిండా తినేది మా అమ్మ అత్త వాళ్ళింటికి వెళ్ళినప్పుడే. మా అమ్మ చెయ్యి పట్టుకుని లాగి, రావమ్మా, మిగతా పనులు పారిపోతాయా అని పక్కన కూర్చోబెట్టుకునేది. ఒక్కతే ఉంటే నిలబడే మింగేది.

మర్నాడు అత్త వడ్డన చేసి, స్టవ్వు ఆర్పేసి, చేతులు కడుక్కుని, తల్లి కంచానికి ఎదురుగా బల్ల దగ్గర కూర్చుంది. తన డబ్బా తెరిచింది.

"రామ్మా," అంది. "పిల్లలు తిన్నారు. అవ్వ తింది. పొయ్యి ఆర్పేశాను, ఇంక లేచే పని లేదు. మనమిద్దరమే. కూర్చో."

తల ఎత్తకుండా తినటం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్నవాళ్ళ నోటి వైపు చూస్తే ఎవరికైనా ముద్ద దిగదు కదా, అందుకని. గదిలో ఎప్పటిలాగే చప్పుడు లేదు. కాకపోతే, తను నమిలినప్పుడల్లా ఎదురుగా ఇంకెవరో కూడా నములుతున్నారని తెలుస్తూనే ఉందట. వినబడింది కాదు, తెలిసింది. ఒకసారి నీళ్ళ గ్లాసు బల్ల మీద కొంచెం జరిగింది. అత్త తను తాగబోయిన నీళ్ళు ఆపి, గ్లాసు అటు తోసింది.

డబ్బా ఖాళీ అయ్యాక తలెత్తింది. తల్లి కంచం శుభ్రంగా ఉంది. అంచు వెంబడి వేలితో తుడిచినట్టు మెరుస్తోంది. గ్లాసులో నీళ్ళు సగానికి వచ్చాయి. పిల్లల కంచాలు, తండ్రి కంచం వడ్డించినవి వడ్డించినట్టే. బీరువాకి పరిగెత్తి చూసింది. అవ్వ కంచం ఖాళీగా, పొడిగా ఉంది. ఆ ఒక్క పూటా ఆవిడ ఎవరికీ పెట్టలేదు.

ఆ రోజు మొత్తం తక్కువొచ్చింది. సరిగ్గా తల్లి వంతు ఎంతో అంత.

ల్యాబ్‌లో వెంటనే పట్టుకున్నారు. ఆ పూట ఆఫీసులోనే ఉన్న లెక్కలాయన స్వయంగా వచ్చాడు. ఇంతకాలం లేని తేడా ఈ రోజెలా వచ్చిందని, ఎవరు తిన్నారని అడిగాడు. అత్త డబ్బా ఇంకా బల్ల మీదే ఉంది, చెయ్యి ఇంకా తడిగానే ఉంది. ఏం చెప్పినా నమ్మరని ఆవిడకి తెలుసు.

"తల్లి కంచంలోది తల్లే తిందండీ," అంది.

ఆయన కోప్పడలేదు. ఆకలైతే అడగాల్సింది, తీసుకోకూడదు అన్నాడు. డాక్టరమ్మ మాత్రం లేచి నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఆ కంచం తక్కువ తూగితే మీకు తప్పు కనబడలేదు. ఇవాళొక్క పూట ఆవిడ తింటే తప్పైందా?"

ఆవిడంటే ఎవరండీ అన్నాడాయన. అత్తని ఆ సాయంత్రమే పంపేశారు. కేసు పెట్టకుండా డాక్టరమ్మ అడ్డుపడింది, అంతవరకే ఆవిడ చేతిలో ఉన్నది. మామయ్య ఆటోలో వచ్చి గేటు దగ్గర ఎక్కించుకుపోయాడు. దారిలో, తిన్నావా అని మాత్రం అడిగాడట. తిన్నాను, ఇవాళ కూర్చుని తిన్నాను అంది.

కొన్ని నెలలు అత్త వాళ్ళ ఇల్లు ఇబ్బంది పడింది. తర్వాత ఒక ఆసుపత్రి వంటశాలలో పని దొరికింది. అక్కడ తినేవాళ్ళు ఉన్నారు, వంకలు పెట్టేవాళ్ళూ ఉన్నారు. అత్త ఆ తిట్లు హాయిగా తినేది.

అప్పుడే ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, చాప మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నాను. ఆవిడ మంచినీళ్ళు తాగింది. కొత్త వంటమనిషి వచ్చిందనీ, తను ఎవరికీ చెప్పకుండా కంచాలు విడివిడిగా తూస్తున్నాననీ అంది.

"అన్నీ సరిగ్గా ఉంటున్నాయి. తల్లి కంచం పట్టీలో ఎంతుందో అంతే తూగుతోంది. బీరువాలో చీమలు కూడా లేవు. పైవాళ్ళు చాలా సంతోషంగా ఉన్నారు."

అత్త వింటూ ఉంది. "పిల్లల కంచాలో?" అంది.

"అవీ అంతే. ఎవరూ ముట్టనట్టే."

అత్త చేటలోని చిక్కుళ్ళు ఒకవైపుకి దగ్గరగా తీసింది.

"అయితే పిల్లల్ని కూడా తీసుకుపోయి ఉంటుంది," అంది.

ఆ ఏడు కొత్త కూలి రేట్లు వచ్చాయి, ఒక కుటుంబం ఇంతలో కడుపు నింపుకోగలదని పేపర్లో పడింది. డాక్టరమ్మ ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా సెలవు మీద వెళ్ళిందనీ, వేరేవాళ్ళు పెట్టారనీ తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ వంటగది లేదు, లెక్కలన్నీ కంప్యూటర్లోనే చేస్తున్నారట.

అత్తకి ఇప్పుడు వయసు మీద పడింది. కూతురి దగ్గర ఉంటోంది. వంట కూతురిదే. వడ్డించి, మీరు తింటూ ఉండండి నేను వస్తాను అంటే అత్త ఊరుకోదు. కంచం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. కూతురు వచ్చి పక్కన కూర్చుంటే గానీ ముద్ద కలపదు. మనవలు విసుక్కుంటారు, ఆకలేస్తోందమ్మమ్మా అంటారు. అయినా కదలదు. ఒక్కోసారి కూతురు వచ్చి కూర్చున్న తర్వాత కూడా, గుమ్మం వైపు చూస్తూ ఇంకాస్త సేపు ఆగుతుంది. ఎవరికోసమని మేము అడగము.